కమాండ్‌కు పేరు పెట్టేముందు

విమానాల మరమ్మతు మాన్యువళ్లకు ఎస్1000డి అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో ‘వార్నింగ్’ ట్యాగ్ వేరు, ‘కాషన్’ ట్యాగ్ వేరు. మనిషికి గాయమో ప్రాణాపాయమో ఉన్నచోట మొదటిది, యంత్రం పాడయ్యే చోట రెండోది. ఇలా ట్యాగులతో రాసిన ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను పేజీలుగా మార్చే ప్రోగ్రాములో ఎవరో ఈ రెండింటికీ కలిపి ‘రెడ్‌బాక్స్’ అనే ఒకే కమాండ్ రాశారనుకుందాం. పేజీ చూడముచ్చటగానే వస్తుంది. ఏడాది పోయాక, కాషన్ పెట్టెలు పసుపు రంగులో ఉండాలని డిజైనరు కబురు పెడతాడు. మార్చడానికి కూర్చున్నవాడికి ‘రెడ్‌బాక్స్’ ఒక్కటే కనిపిస్తుంది. దాన్నే పసుపు చేస్తాడు. ఆ సాయంత్రానికి మాన్యువల్లో ఉన్న ప్రాణాపాయ హెచ్చరికలన్నీ పసుపు రంగులోకి దిగిపోతాయి. ఎక్కడా ఒక్క ఎర్రర్ రాదు.

టైప్‌సెట్టింగ్‌లో ఉన్న చిక్కే ఇది. లెక్కల ప్రోగ్రాములో తప్పు దొర్లితే జమాఖర్చు కుదరదు, ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఇక్కడ తప్పు చక్కగా జస్టిఫై అయి, పేజీ నంబరు వేయించుకుని మరీ అచ్చుకు వెళ్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ మందుల లేబుళ్లను ఎస్‌పీఎల్ అనే ఎక్స్‌ఎంఎల్ రూపంలో తీసుకుంటుంది. వైద్య పత్రికల వ్యాసాలు జాట్స్ అనే మరో ఎక్స్‌ఎంఎల్‌లో నడుస్తాయి. చెన్నై, పుదుచ్చేరి, తిరువనంతపురం, హైదరాబాద్ నగరాల్లో విదేశీ పత్రికలకు పేజీలు చేసిపెట్టే సంస్థలున్నాయి, వాటిలో తెలుగువాళ్లూ ఉన్నారు. కమాండ్ రాసేవాడు ఒకడు, మూడేళ్ల తర్వాత దాన్ని సరిదిద్దేవాడు ఇంకొకడు. ఇద్దరికీ మధ్య మిగిలేది ఆ పేరు ఒక్కటే. వ్యాఖ్యానాలు రాస్తాం కదా అంటారా? రాసేవాళ్లు తక్కువ, చదివేవాళ్లు ఇంకా తక్కువ.

పెట్టెకు రంగు పేరు పెట్టకండి, పనిపేరు పెట్టండి

పై ఉదాహరణకు విరుగుడు సులువే. ‘వార్నింగ్‌బాక్స్’, ‘కాషన్‌బాక్స్’ అని రెండు కమాండ్లు ఉండాలి. ఈరోజు రెండూ ఒకేలా కనిపిస్తాయని తెలిసినా సరే, రెండుగానే ఉంచండి. లోపల రెండూ కలిసి మూడో కమాండ్‌ను పిలుచుకోవచ్చు, దానికి ఏ రంగు పేరైనా పెట్టుకోండి. ఎక్స్‌ఎంఎల్ నుంచి నేరుగా పిలిచే కమాండ్ మాత్రం అర్థాన్ని చెప్పాలి. ‘బోల్డ్‌సెంటర్’, ‘స్మాల్‌ఇటాలిక్’, ‘స్టైల్2’ లాంటి పేర్లు అక్కడికి రాకూడదు.

ట్యాగ్ పేరునే కమాండ్ పేరుగా చేయకండి

‘పి’ ట్యాగ్ వస్తే ‘పి’ కమాండ్, ‘టైటిల్’ వస్తే ‘టైటిల్’ కమాండ్. మొదట అందరికీ తట్టేది ఇదే. టెక్ అనే టైప్‌సెట్టింగ్ ప్రోగ్రాములో ‘సీఎస్‌నేమ్’ ఉంది కాబట్టి, ఏ ట్యాగ్ వచ్చినా ఆ పేరుగల కమాండ్‌ను పిలవమని ఒక్క లైనులో రాసేయవచ్చు. ఆ లైను రాయకండి.

ఎందుకో జాట్స్, టెక్ మీద కట్టిన లేటెక్, ఈ జంటను పట్టుకుని చూద్దాం. జాట్స్‌లో ప్రతి విభాగం శీర్షికా ‘టైటిల్’ ట్యాగ్‌లోనే ఉంటుంది. లేటెక్‌లో ‘టైటిల్’ కమాండ్‌కు అర్థం వేరు. అది మొత్తం వ్యాసం పేరును పక్కన దాచుకుంటుంది, అక్కడికక్కడ ఏమీ అచ్చువేయదు. రెంటినీ కలిపేస్తే ‘పద్ధతులు’, ‘ఫలితాలు’, ‘చర్చ’ అన్న శీర్షికలన్నీ పేజీల మీంచి మాయమవుతాయి. ఒకదాని మీద ఒకటి దాచుకుంటూ పోయి చివరికి మిగిలేది ఆఖరి శీర్షిక.

‘లేబుల్’ది ఇంకో కథ. జాట్స్‌లో అది పాఠకుడికి కనిపించే ‘చిత్రం 3’ అన్న మాట. లేటెక్‌లో అది కంటికి కనిపించని గుర్తు, వేరే చోటునుంచి ప్రస్తావించడానికి నాటేది. ‘రెఫ్’ జాట్స్‌లో ఉపయుక్త గ్రంథాల పట్టికలో ఒక పద్దు, లేటెక్‌లో ‘చిత్రం 3 చూడండి’ అన్నప్పుడు ఆ 3ను తెచ్చిపెట్టే కమాండ్. జాట్స్ కోసమని ‘రెఫ్’ను తిరిగి నిర్వచించారా, పుస్తకంలోని క్రాస్ రెఫరెన్సులన్నీ పోతాయి. తేదీలో ఉండే ‘డే’, ‘మంత్’, ‘ఇయర్’ ట్యాగుల సంగతి మరీ విచిత్రం. ఆ మూడు పేర్లూ టెక్ పునాదిలోనే ఉన్నాయి, ఈరోజు తేదీని సంఖ్యలుగా పెట్టుకునే గళ్లు అవి. ట్యాగ్ పేరుతో నేరుగా పిలిస్తే, ఆ గడిలో ఏ సంఖ్య పెట్టమంటారని టెక్ ఎదురు అడుగుతుంది. ఇదొక్కటి నయం, కనీసం అరుస్తుంది.

హెచ్‌టీఎంఎల్ నుంచి వచ్చే ఒంటి అక్షరాల ట్యాగులు అరవవు. బోల్డ్ కోసం వాడే ‘బి’ని లేటెక్ ‘బి’తో కలిపితే అక్షరాల కింద గీత వస్తుంది. ఇటాలిక్ ‘ఐ’ని కలిపితే చుక్కలేని ఐ అక్షరం వచ్చి పక్కన నిలబడుతుంది. ‘యు’కి అక్షరం నెత్తిన చిన్న దొన్నె లాంటి గుర్తు. ‘డి’ అనే కమాండ్ అక్షరం కింద చుక్క పెడుతుంది. తెలుగు పేర్లను పండితుల పద్ధతిలో రోమన్ లిపిలో రాసేటప్పుడు ట, డ, ణ, ళలకు కావలసింది ఆ చుక్కే. ‘డెఫినిషన్’కు పొట్టిగా ఉంటుందని ఎవరైనా ‘డి’ని తమ పనికి లాక్కుంటే, తెలుగు సాహిత్య వ్యాసాల్లో ఉన్న లిప్యంతరీకరణ అంతా చెడుతుంది. లేటెక్‌లో ఒంటి అక్షరం పేర్లు చాలావరకు ఎప్పుడో పంపకమైపోయాయి, వాటి జోలికి వెళ్లవద్దు.

ఇంటిపేరు పెట్టండి

ఊళ్లో నలుగురు వెంకటేశ్వర్లు ఉంటే ఇంటిపేరుతోనే పిలుస్తాం, అదీ పేరుకు ముందే. కమాండ్లకూ అదే పద్ధతి. ‘జాట్స్‌టైటిల్’, ‘జాట్స్‌లేబుల్’, ‘జాట్స్‌రెఫ్’ అని మొదలుపెడితే పైన చెప్పిన గుద్దులాటలన్నీ ఒక్క దెబ్బకు పోతాయి.

హాన్స్ హేగన్ నెదర్లాండ్స్‌లో తన ప్రాగ్మా సంస్థ పనుల కోసం మొదలుపెట్టిన, టెక్ మీదే నడిచే కాన్‌టెక్స్ట్ ఈ విషయంలో మంచి నమూనా. ట్యాగ్‌కు తగిలించే సూచనల మూటను అక్కడ ‘సెటప్’ అంటారు. దాని పేరును ‘ఎక్స్‌ఎంఎల్’ అని రాసి, రెండు చుక్కలు పెట్టి, ఆపై ట్యాగ్ పేరు రాయడం వాడుక. నక్షత్రం గుర్తు వాడితే ట్యాగ్ పేరు దానంతటదే ఆ చోట కూర్చుంటుంది. అంటే పైన వద్దన్న ఒక్క లైను సౌకర్యం ఇక్కడా ఉంది, ప్రమాదం మాత్రం లేదు. బయటినుంచి ఏ పేరు వచ్చినా అది ఆ ఇంటిపేరు కిందే చేరుతుంది, సొంత కమాండ్ల మీదికి రాలేదు. లేటెక్ మూడో తరం కోడ్ రాసేవాళ్లు ఇంకో అడుగు వేశారు. కమాండ్ పేరు మొదట మాడ్యూల్ పేరు ఉంటుంది. బయటివాళ్లు ముట్టుకోకూడనివైతే జంట అండర్‌స్కోర్లతో మొదలవుతాయి.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. కమాండ్ పేరు ‘ఎక్స్‌ఎంఎల్’ అని మొదలైతే మంచిదే, ట్యాగ్ పేరు మాత్రం అలా మొదలు కాకూడదు. ఆ మూడక్షరాలు పెద్దవైనా చిన్నవైనా, వాటితో మొదలయ్యే పేర్లన్నిటినీ 1998 ఫిబ్రవరిలో వెలువడిన ఎక్స్‌ఎంఎల్ 1.0 ప్రమాణం తన అవసరాల కోసం అట్టేపెట్టుకుంది. చాలా పార్సర్లు ఈ తప్పును చూసీ చూడనట్టు పోనిస్తాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

నేమ్‌స్పేస్ ప్రిఫిక్స్‌ను చూసి కమాండ్‌కు పేరు పెట్టడం కూడా వద్దు. గణిత సమీకరణాలకు ఒక ప్రచురణకర్త ‘ఎంఎంఎల్’ అని ప్రిఫిక్స్ పెడతాడు, ఇంకొకడు ఉత్త ‘ఎం’ అంటాడు. రెంటికీ వెనక ఉన్న చిరునామా ఒకటే, లెక్కలోకి వచ్చేది అదే.

పేరు చివర అంకె తగిలించకండి

టెక్ కమాండ్ పేర్లలో మామూలుగా అక్షరాలే ఉండాలి. అంకె తగలగానే పేరు అక్కడితో ముగిసిందని టెక్ అనుకుంటుంది. హెచ్‌టీఎంఎల్ శీర్షికల అలవాటుతో పెద్ద అక్షరం హెచ్, పక్కన 1 వేసి ‘డెఫ్’తో కమాండ్ రాస్తే ఏమవుతుందో చూడండి. ‘డెఫ్’ అభ్యంతరం చెప్పదు. ‘హెచ్’ అనే కమాండ్ తయారవుతుంది, దాని వెంట తప్పనిసరిగా 1 ఉండాలని షరతు. అది పనిచేస్తుంది కూడా. తర్వాత ఇదే పద్ధతిలో హెచ్2 రాయగానే మొదటిది చెరిగిపోతుంది. అంతకు ముందే ఇంకో నష్టం జరిగింది. లేటెక్‌లో పెద్ద ‘హెచ్’ హంగేరియన్ అక్షరాల మీద జంట గీతలు పెట్టే కమాండ్. ఇక గ్రంథసూచిలో గణితవేత్త పాల్ ఎర్డోష్ పేరు వచ్చిన ప్రతిచోటా పేజీ తయారీ ఎర్రర్‌తో ఆగుతుంది. శీర్షికల కమాండ్‌కూ ఎర్డోష్ పేరుకూ సంబంధం ఉంటుందని ఎవరికి తడుతుంది?

ఇదే పనికి ‘డెఫ్’ బదులు ‘న్యూకమాండ్’ వాడి ఉంటే, ఆ పేరు ఇప్పటికే ఉందని లేటెక్ మొదటి క్షణంలోనే చెప్పేది. ‘ఎండ్’ అని మొదలయ్యే పేర్లను కూడా అది ఒప్పుకోదు, ఎన్విరాన్‌మెంట్ల ముగింపులకు ఆ రూపం కావాలి గనక. కాన్‌టెక్స్ట్‌లో ‘డిఫైన్’ వాడితే పాత కమాండ్ ఉందని కనీసం తెరమీద చెబుతుంది. ‘డెఫ్’ వేగంగా ఉంటుందని వాదించే పాతకాపులు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ఆ వేగం వల్ల మిగిలిన సమయమంతా ఎర్డోష్ దగ్గర ఖర్చవుతుంది.

అంచెలు చెప్పాల్సి వస్తే ‘సెక్షన్’, ‘సబ్‌సెక్షన్’ లాగా మాటలతోనే చెప్పండి.

గుర్తుతెలియని పేరును మౌనంగా పోనివ్వకండి

లేని కమాండ్‌ను నేరుగా టైపు చేస్తే టెక్ ఎర్రర్ ఇస్తుంది. అదే పేరును ‘సీఎస్‌నేమ్’ ద్వారా పిలిస్తే ఇవ్వదు. దాన్ని ‘రిలాక్స్’ అనే, ఏ పనీ చేయని కమాండ్‌గా లెక్కేసి ముందుకు పోతుంది. ‘వార్నింగ్’లో ఒక అక్షరం జారితే చాలు, పెట్టె రాదు, హెచ్చరిక వాక్యం మామూలు పేరాలో కలిసిపోతుంది. ఎక్స్‌ఎంఎల్‌ను వేరే రూపంలోకి మార్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ భాషలోనూ ఇంతే. ఏ టెంప్లేటూ దొరకని ట్యాగ్ లోపలి పాఠాన్ని నేరుగా బయటికి పోనివ్వడం దాని పుట్టు లక్షణం. ఎక్స్‌ఎంఎల్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం వేర్వేరు. పాత హెచ్‌టీఎంఎల్ అలవాటున్నవాళ్లు దీన్ని మరిచిపోయి, మొదటి అక్షరం పెద్దదిగా ఉన్న ‘ఫిగ్’కీ చిన్నదిగా ఉన్న ‘ఫిగ్’కీ ఒకే సూచన చాలనుకుంటారు.

కాన్‌టెక్స్ట్‌లో ఇంకో వాడుక ఉంది. ముందుగా నక్షత్రం గుర్తుకు ఎదురుగా చిన్న గీత పెట్టి అన్ని ట్యాగులనూ దాచేసి, తర్వాత కావలసినవాటిని ఒక్కొక్కటే బయటికి తెస్తారు. సొంత పుస్తకం చేసుకునేవాళ్లకు ఇది శుభ్రమైన పద్ధతి. బయటివాళ్ల ఎక్స్‌ఎంఎల్ తీసుకునేచోట నేనైతే దీన్ని ప్రూఫ్ దశలో ఒప్పుకోను. రచయిత కొత్తగా ఒక ట్యాగ్ వాడితే అందులోని పాఠం మొత్తం మాయమవుతుంది, లేని పేరాను ప్రూఫ్‌రీడరు పట్టుకోలేడు. దాచే బదులు, సెటప్ లేని ట్యాగ్ ఏది వచ్చినా దాని పేరును ఎర్రటి అక్షరాల్లో మార్జిన్‌లో వేసి, లాగ్‌లో కూడా రాసే ఒక ఆఖరి సెటప్ పెట్టండి. దానికి ‘ఎక్స్‌ఎంఎల్: అన్‌నోన్’ లాంటి పేరుంటే చదివిన ఎవరికైనా అర్థమవుతుంది. ‘డిఫాల్ట్’ అని పేరు పెడితే, అది అంతా మామూలుగా జరిగినప్పుడు పనిచేసేదనుకుంటారు.

క్రియాపదం ఖచ్చితంగా ఉండాలి

ట్యాగ్ లోపల ఉన్నదాన్ని కమాండ్ ఏం చేస్తుంది? తన సెటప్‌ల గుండా నడిపించి అచ్చువేస్తుందా, ఉన్నదున్నట్టు తెస్తుందా, ట్యాగులు ఒలిచి అక్షరాలే ఇస్తుందా, మొదటిదొక్కటే ఇస్తుందా, అన్నీ ఇస్తుందా? పేరు చూడగానే తేలాల్సింది ఇదే. కాన్‌టెక్స్ట్ ‘ఎక్స్‌ఎంఎల్‌ఫస్ట్’, ‘ఎక్స్‌ఎంఎల్‌ఆల్’, ‘ఎక్స్‌ఎంఎల్‌రా’ బాగున్నాయి. ‘ఎక్స్‌ఎంఎల్‌ఫ్లష్’ మీద నాకు కొంచెం ఫిర్యాదు ఉంది. లోపలున్నదంతా బయటికి వదలడం దాని పని. లేటెక్ నుంచి వచ్చినవాడికి మాత్రం ‘ఫ్లష్’ అనగానే ఎడమకో కుడికో ఆనించడం గుర్తొస్తుంది. నేర్చుకున్నాక ఇబ్బంది లేదు, కొత్త కమాండ్లకు ఆ మాట అరువు తెచ్చుకోకపోతే చాలు.

ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ రూపకర్తలు ‘కాపీ’, ‘కాపీ-ఆఫ్’ అని రెండు పెట్టారు. ‘కాపీ’ ఆ ట్యాగ్‌ను పైపైన మాత్రమే దింపుతుంది, దాని గుణాలు, లోపలి పిల్లలు రావు. ‘కాపీ-ఆఫ్’ మొత్తం కుటుంబాన్ని తెస్తుంది. ఆ రెండో మాటలో ‘మొత్తం’ అనే అర్థం ఎక్కడుందో పేరు చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. మీ కమాండ్‌లో అలాంటి తేడా ఉంటే, ‘పిల్లలతో’ అనో ‘పైపొర’ అనో పేరులోనే రాయండి, పొడుగైనా ఫరవాలేదు.

ప్రమాదకరమైనది పేరులోనే భయపెట్టాలి

‘రైట్18’ చూడండి. టెక్‌లో ‘రైట్’ అంటే ఫైల్‌లోకి రాయడం, పక్కన 0 నుంచి 15 దాకా ఫైల్ నంబరు. 18 అంటే మాత్రం, ఇచ్చిన వాక్యాన్ని కంప్యూటర్ షెల్‌కు అప్పగించి నడిపించడం. ఫైళ్లు తుడిచేసే ఆదేశమైనా నడుస్తుంది. ఇంత పదునైన పనికి ఇంత అమాయకమైన పేరు మరొకటి ఉండదేమో. ఇప్పటి టెక్ పంపిణీలు దీన్ని ముందుగా ఆమోదించిన కొద్ది ప్రోగ్రాములకే పరిమితం చేశాయి, లేటెక్‌లో ‘షెల్‌ఎస్కేప్’ అని చదవగానే తెలిసే పేరూ వచ్చింది. వెబ్ రంగంలో రియాక్ట్ వాళ్లు శుద్ధిచేయని హెచ్‌టీఎంఎల్‌ను పేజీలోకి దింపే దానికి ‘డేంజరస్‌లీ’ అన్న మాటతోనే పేరు మొదలుపెట్టారు. రాసేవాడి వేలు అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది.

బయటినుంచి వచ్చిన ఎక్స్‌ఎంఎల్‌లో ఉన్న ఫైల్ పేరును తెరిచే కమాండ్‌ను ‘ఇన్‌క్లూడ్’ అని వదిలేయకండి. ‘బయటి ఫైల్ తెరువు’ అన్న అర్థం అందులో ఉండాలి. ఎక్స్‌ఎంఎల్‌లోని పాఠాన్ని టెక్ కోడ్‌గా నడిపించే కమాండ్ ఏదైనా ఉంటే దానికి ‘అన్‌సేఫ్’ అని తగిలించండి. ఏటా ఒకసారి ఆ మాట కోసం ఫైళ్లన్నీ వెతికితే మీ కోడ్‌లో తలుపులెన్నో తెలుస్తుంది.

ఇన్‌డిజైన్ వాడేవాళ్లకు

ఇన్‌డిజైన్‌లో ట్యాగులను స్టైళ్లకు పేరును బట్టి జతచేసే సదుపాయం ఉంది. రెండు పేర్లూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి, పెద్దక్షరాల తేడా ఉన్నా జతకట్టవు. స్టైల్ పేరులో ఖాళీ ఉండవచ్చు గానీ ట్యాగ్ పేరులో కుదరదు. మన ప్రెస్సుల్లో ఫైలు తెరిస్తే ‘పేరాగ్రాఫ్ స్టైల్ 1’ నుంచి వరసగా పది కనిపిస్తాయి. వాటిని అలాగే ఉంచి ఎక్స్‌ఎంఎల్ దింపకండి.

తెలుగులో ట్యాగ్ పేర్లా? పెట్టుకోవచ్చు, చూసి పెట్టండి

ఎక్స్‌ఎంఎల్ మొదటినుంచీ తెలుగు అక్షరాల పేర్లను ఒప్పుకుంటోంది. ‘పద్యం’, ‘తాత్పర్యం’, ‘ప్రతిపదార్థం’ అని ట్యాగులుంటే ఒక శతకం ఫైలు చదవడం హాయిగా ఉంటుంది. ప్రమాదాలు రెండు. పొల్లు తర్వాత అక్షరం అతుక్కోకుండా మనం కొట్టే కనిపించని నాన్‌జాయినర్‌ను 2008 నాటి ఐదో కూర్పు పేర్లలో అనుమతించింది, అంతకు ముందు కూర్పుల్ని అనుసరించే పార్సర్లు అనుమతించవు. అనుమతించినా చిక్కే. ‘నోట్’ అన్న మాట చివర ఆ నాన్‌జాయినర్ ఉన్న పేరూ లేని పేరూ కంటికి ఒక్కటే, పార్సర్‌కు మాత్రం రెండు వేర్వేరు ట్యాగులు. రెండోది ఐత్వం. యూనికోడ్‌లో దాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు అని రెండుగానూ రాయవచ్చు. యూనికోడ్ దృష్టిలో ఈ రెండూ సమానమే అయినా, పార్సర్ పేర్లను సంకేతానికి సంకేతం పోల్చి చూస్తుంది. ‘పైగమనిక’ అనే ట్యాగ్ ఒక ఆపరేటరు యంత్రంలో పనిచేసి, మరొకరి ఫైల్‌లో పనిచేయకపోతే ముందు అక్కడ వెతకండి. లోపలికి వచ్చే ప్రతి ఫైల్‌నూ ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ ఏకరూపంలోకి మార్చాకే పార్సర్‌కు ఇస్తే ఈ రెండో బాధ ఉండదు. నాన్‌జాయినర్‌ను తీసేయడానికి వేరే స్క్రిప్టు రాసుకోవాలి.

పాత పేరుకు కొత్త అర్థం ఇవ్వకండి

ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ తొలి కూర్పులో ‘వాల్యూ-ఆఫ్’ అంటే దొరికినవాటిలో మొదటిది మాత్రమే. 2007లో వచ్చిన 2.0లో అదే పేరు అన్నిటినీ మధ్యలో ఖాళీతో ఇవ్వడం మొదలుపెట్టింది. వ్యాసానికి ఐదుగురు రచయితలుంటే ఒకదాంట్లో ఒక్కరే, మరొకదాంట్లో ఐదుగురూ. స్టైల్‌షీట్ నెత్తిన 1.0 అని రాసి ఉంటే పాత నడతే సాగుతుందని వెసులుబాటు ఇచ్చారు గానీ, ఆ సంఖ్యను ‘అప్‌డేట్’ చేసినవాళ్లకు అది కాపాడలేదు. ప్రమాణాలు రాసే కమిటీలకైతే కూర్పు సంఖ్య ఉంది. మన ఆఫీసు కమాండ్లకు అదీ ఉండదు.

పేరు బాగాలేదని తేలితే మార్చండి, పాతదాన్ని మాత్రం చంపకండి. కాన్‌టెక్స్ట్‌లో ఒకప్పుడు ‘డూఇఫ్’ అని మొదలై చివర ‘ఎల్స్’ వచ్చే కమాండ్లు చాలా ఉండేవి. తర్వాత ‘డూఇఫ్‌ఎల్స్’ అన్న మాటను కలిపి ముందుకు తెచ్చారు, కుటుంబం మొత్తానికీ ఒకే వరస వచ్చింది, పాత పేర్లూ పనిచేస్తూనే ఉన్నాయి. మీరూ పాత పేరు కొత్త కమాండ్‌ను పిలిచేట్టు ఒక లైను రాసి, పిలిచినప్పుడల్లా లాగ్‌లో ఒక ముక్క పడేట్టు చూడండి. ప్రచురణకర్త పాత సంచికలను మళ్లీ పేజీలు చేయమని ఎప్పుడైనా అడగవచ్చు. పాత ఫైళ్లన్నీ ఒకసారి నడిపి, లాగ్‌లో ఆ పేరు ఎక్కడా తగలకపోతే అప్పుడు తీసేయండి. తీసేసిన పేర్ల జాబితాను ఆ ఫైలు పైనే ఉంచండి, మళ్లీ ఎవరూ వాటిని వేరే పనికి వాడకుండా.